పెద్ద కొట్టు లెక్క

కిరాణా కొట్టు తెలియని వాళ్ళు ఉండరు. పప్పు, ఉప్పు, సబ్బు, నూనె అన్నీ అక్కడే కొంటాం. పట్నం వెళితే పెద్ద పెద్ద కొట్లు కనిపిస్తాయి. వాటిని సూపర్ మార్కెట్ అంటారు. చేతిలో బుట్ట పట్టుకుని, కావలసిన సరుకు మనమే తీసుకుని, చివర డబ్బు కడతాం.

ఆ కొట్టులో సరుకు కొనడం మనకు తెలుసు. ఆ కొట్టులోనే వాటా కొనుక్కోవచ్చని కొందరు చెబుతారు. అది నిజమే. మరి వాటా కొనే ముందు ఏం చూడాలి? కొట్టుకు లాభం ఎలా వస్తుంది? ఎలా పోతుంది? ఈ పాఠంలో నేర్చుకుందాం.

1. చిన్న కొట్టు లెక్క

సీతమ్మ అనే ఆమెకు ఒక ఊళ్ళో కిరాణా కొట్టు ఉందనుకుందాం. నెలకు 50,000 రూపాయల సరుకు అమ్ముతుంది. ఆ సరుకు తేవడానికి ఆమెకు 44,000 రూపాయలు అయింది. మిగిలింది 6,000.

ఈ 6,000 అంతా లాభమేనా? కాదు. ఖర్చులు రాద్దాం.

కొట్టు అద్దె: 1,500
కరెంటు బిల్లు: 600
సరుకు తెచ్చిన ఆటో: 900
ఎలుకలు కొట్టినవి, పాడైనవి: 500
మొత్తం ఖర్చు: 3,500

6,000లో 3,500 తీసేస్తే 2,500. ఇదీ అసలు లాభం. అంటే 100 రూపాయల సరుకు అమ్మితే సీతమ్మకు మిగిలేది 5 రూపాయలు.

"గల్లా పెట్టె నిండుగా ఉంది, సీతమ్మకేం లోటు" అని అందరూ అనుకుంటారు. గల్లా పెట్టెలో ఉన్నదంతా లాభం కాదు. అందులో ఎక్కువ భాగం మళ్ళీ సరుకు తేవడానికే పోతుంది. ఈ మాట బాగా గుర్తు పెట్టుకోవాలి. కొట్టు చిన్నదైనా, పెద్దదైనా ఇదే లెక్క.

2. సరుకు తిరగాలి

సీతమ్మ 5,000 రూపాయలు పెట్టి కందిపప్పు తెచ్చింది. 15 రోజుల్లో అమ్ముడుపోయింది. ఖర్చులు పోను 250 రూపాయలు మిగిలాయి. ఆ డబ్బుతోనే మళ్ళీ పప్పు తెచ్చింది. ఇలా ఆరు నెలల్లో 12 సార్లు తెచ్చింది. మొత్తం 3,000 రూపాయలు మిగిలాయి.

ఇంకో 5,000 పెట్టి స్టీలు గిన్నెలు తెచ్చింది. వాటి మీద లాభం ఎక్కువ. అన్నీ అమ్మితే 1,000 మిగులుతుంది. కానీ అవి అమ్ముడుపోవడానికి ఆరు నెలలు పట్టింది.

పెట్టుబడి రెండిటికీ ఒకటే. పప్పు మీద 3,000 వచ్చింది. గిన్నెల మీద 1,000 వచ్చింది. ఒక్కసారికి వచ్చే లాభం కొంచెమే అయినా, సరుకు తొందరగా తిరిగితే మొత్తం ఎక్కువ అవుతుంది. పెద్ద కొట్ల వ్యాపారమంతా ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది.

3. డీమార్ట్ కథ

మన దేశంలో పేరున్న పెద్ద కొట్లలో డీమార్ట్ ఒకటి. దాన్ని నడిపే కంపెనీ పేరు అవెన్యూ సూపర్‌మార్ట్స్. పెట్టినాయన రాధాకిషన్ దమానీ. ఆయన అంతకు ముందు షేర్ల వ్యాపారంలో పేరు పొందినవాడు. 2002లో ముంబయి నగరంలోని పవాయి అనే చోట మొదటి కొట్టు తెరిచారు.

వాళ్ళు తొందరపడలేదు. ఒక కొట్టు నిలదొక్కుకున్నాకే ఇంకొకటి పెట్టారు. 2017 మార్చి చివరికి 131 కొట్లు అయ్యాయి. అంటే ఆ 131 కొట్లకు 15 ఏళ్ళు పట్టింది. 2025 మార్చి చివరికి 415 అయ్యాయి. తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ కొట్లు చాలా ఉన్నాయి.

డీమార్ట్‌లో సరుకు మీద రాసి ఉన్న ధర కంటే తక్కువకు ఇస్తారు. ఎలా ఇవ్వగలుగుతున్నారు? నాలుగు కారణాలు ఉన్నాయి.

ఒకటి: చాలా కొట్ల భవనాలు కంపెనీకి సొంతం. నెల నెలా అద్దె కట్టే పని లేదు. అద్దె పెరుగుతుందనే భయం లేదు.

రెండు: సరుకు ఇచ్చిన వాళ్ళకు తొందరగా డబ్బు కడతారు. చాలామంది వ్యాపారులు నెలల తరబడి అరువు పెడతారు. వీళ్ళు వారం, పది రోజుల్లో కడతారు. చేతిలో డబ్బు పడుతుంది కాబట్టి అవతలి వాళ్ళు ధర తగ్గించి ఇస్తారు.

మూడు: ఎక్కువగా అమ్ముడుపోయే సరుకే పెడతారు. నెల రోజులకు అటూ ఇటూగా సరుకు తిరిగిపోతుంది.

నాలుగు: హంగులు తక్కువ. కొట్టు శుభ్రంగా ఉంటుంది గానీ ఆడంబరం ఉండదు.

అమ్మకంలో సగానికి పైగా తిండి సరుకులే. వాటి మీద మిగిలేది కొంచెం. బట్టలు, వంట సామాన్లు, ప్లాస్టిక్ సామాన్ల అమ్మకం నాలుగో వంతు కంటే కొంచెం తక్కువ. వాటి మీద మిగిలేది ఎక్కువ. పప్పు కోసం వచ్చిన మనిషి ఒక బకెట్టు, పిల్లవాడికి ఒక చొక్కా కూడా కొంటుంది. కొట్టువాళ్ళకు కావలసింది అదే.

4. పెద్ద కొట్టులో 100 రూపాయలు

2024-25 సంవత్సరంలో డీమార్ట్ కొట్ల అమ్మకం ఇంచుమించు 57,800 కోట్ల రూపాయలు. చివరికి మిగిలిన లాభం ఇంచుమించు 2,900 కోట్లు.

ఇవి చాలా పెద్ద అంకెలు. మనకు అర్థం కావాలంటే 100 రూపాయల లెక్కలోకి మార్చుకోవాలి.

100 రూపాయల అమ్మకంలో సరుకు ఖరీదే ఇంచుమించు 85 రూపాయలు.
జీతాలు, కరెంటు, రవాణా, మిగతా ఖర్చులు ఇంచుమించు 7 రూపాయలు.
భవనాల, యంత్రాల అరుగుదల కింద రాసుకునేది ఒక రూపాయి పైచిల్లర.
ప్రభుత్వానికి కట్టే పన్ను రెండు రూపాయల లోపు.
చివరికి మిగిలేది ఇంచుమించు 5 రూపాయలు.

చూశారా? సీతమ్మకు మిగిలేదీ 5 రూపాయలే. పెద్ద కొట్టుకు మిగిలేదీ 5 రూపాయలే. అయితే సీతమ్మ తన కష్టానికి జీతం రాసుకోలేదు. పెద్ద కొట్టు అందరికీ జీతాలిచ్చి, పన్ను కట్టి, అప్పుడు 5 మిగుల్చుకుంది. ఇది చిన్న సంగతి కాదు.

ఇంకో సంగతి కూడా ఉంది. మిగిలేది 5 రూపాయలే కాబట్టి పొరపాటుకు చోటు తక్కువ. ఖర్చు 2 రూపాయలు పెరిగితే లాభంలో పెద్ద భాగమే ఊడిపోతుంది.

5. వాటా అంటే ఏమిటి?

పదిమంది ఆడవాళ్ళు తలా 1,000 వేసుకుని ఒక పిండి మర కొన్నారనుకుందాం. ఒక్కొక్కరికీ పదోవంతు వాటా. లాభం వస్తే పదోవంతు. నష్టం వస్తే అదీ పదోవంతే. మర చెడిపోతే "నా వెయ్యి నాకిచ్చెయ్" అనడానికి లేదు.

కంపెనీ వాటా కూడా అంతే. దాన్నే షేరు అంటారు. డీమార్ట్ కంపెనీకి ఇంచుమించు 65 కోట్ల షేర్లు ఉన్నాయి. ఒక షేరు కొంటే 65 కోట్ల వాటాల్లో ఒక వాటా మనది.

బ్యాంకులో వేసిన డబ్బుకు వడ్డీ ఇంత అని ముందే చెబుతారు. షేరుకు అలా ఎవరూ చెప్పలేరు. చెప్పకూడదు కూడా.

కంపెనీ తన లాభంలో కొంత షేరుదారులకు పంచవచ్చు. దాన్ని డివిడెండ్ అంటారు. పంచకుండా కొత్త కొట్లు పెట్టుకోవచ్చు. డీమార్ట్ 2017 నుంచి 2025 వరకు పంచలేదు. ఆ డబ్బుతో కొత్త కొట్లు కట్టింది.

6. గేదె మంచిదే, ధర మాటేమిటి?

2017 మార్చిలో ఈ కంపెనీ షేరు మొదటిసారి జనానికి అమ్మారు. ధర 299 రూపాయలు. బజారులోకి వచ్చిన మొదటి రోజే 600 రూపాయలు దాటింది. 2021 అక్టోబరులో 5,000 రూపాయలు కూడా దాటింది. ఈ మాట విన్నవాళ్ళకు ఆశ పుడుతుంది.

తర్వాత ఏం జరిగిందో కూడా వినాలి. 2022 మే నెలలో అదే షేరు 3,500 కంటే కిందికి పడిపోయింది. అప్పుడు కొట్లు మూతపడలేదు. జనం రావడం మానలేదు. లాభం తగ్గలేదు, పెరిగింది. మరి షేరు ఎందుకు పడింది?

గేదె బేరం చూద్దాం. ఒక గేదె మీద మేత ఖర్చు పోను ఏడాదికి 12,000 మిగులుతుందనుకుందాం. దాని ధర 1,20,000 అంటే పదేళ్ళ మిగులు ముందే కట్టినట్టు. ఆలోచించి కొనవచ్చు. అదే గేదెకు 24,00,000 అడిగితే? 200 ఏళ్ళ మిగులు ముందే కట్టమన్నట్టు. గేదె ఎంత మంచిదైనా ఆ బేరం ఎవరూ ఒప్పుకోరు.

2021-22లో డీమార్ట్ లాభాన్ని షేర్లకు పంచి చూస్తే, ఒక్కో షేరుకు ఇంచుమించు 23 రూపాయలు. ఆ షేరుకు జనం 5,000 పెట్టారు. అంటే 200 ఏళ్ళ లాభానికి పైనే ముందే కట్టేశారు.

"వాళ్ళకు లెక్క రాదా?" అని అడగవచ్చు. వాళ్ళ లెక్క వేరు. ఈ గేదె దూడలు పెడుతుంది, ఆ దూడలు పెరిగి పాలిస్తాయి అని వాళ్ళ ఆశ. కొత్త కొట్లే ఆ దూడలు. నిజంగానే 131 కొట్లు 415 అయ్యాయి. లాభమూ పెరిగింది. అయినా దూడల ధర ముందే కట్టేసిన వాళ్ళు చాలాకాలం కనిపెట్టుకుని కూర్చోవలసి వచ్చింది.

కొట్టు మంచిదా అనేది ఒక ప్రశ్న. ధర సరైనదా అనేది ఇంకో ప్రశ్న. రెండూ అడగాలి.

7. మునిగిన కొట్లు

పెరిగిన కథలే అందరూ చెబుతారు. మునిగిన కథలు కూడా తెలుసుకోవాలి.

సుభిక్ష అనే కంపెనీ 1997లో చెన్నైలో మొదలైంది. చాలా తొందరగా పెరిగింది. 2008 నాటికి దేశమంతా ఇంచుమించు 1,600 కొట్లు పెట్టింది. చేతిలో డబ్బు అయిపోయింది. సరుకు ఇచ్చిన వాళ్ళకు, పనివాళ్ళకు బాకీలు పడ్డాయి. 2009లో కొట్లు మూతపడ్డాయి.

బిగ్ బజార్ కొట్లు 2001లో మొదలయ్యాయి. మన హైదరాబాద్‌లో కూడా పెట్టారు. జనం కిటకిటలాడేవారు. ఆ కొట్లను నడిపిన ఫ్యూచర్ రిటైల్ కంపెనీకి అప్పుల భారం పెరిగింది. 2020లో కరోనా వచ్చింది. అమ్మకాలు పడిపోయాయి. అద్దెలు కట్టలేకపోయారు. 2022లో చాలా కొట్లు చేతులు మారాయి. అదే ఏడాది జూలైలో కంపెనీ దివాలా విచారణకు వెళ్ళింది. 2024 జూలైలో ఆస్తులు అమ్మి కంపెనీని మూసెయ్యమని ఆదేశం వచ్చింది.

2018లో ఆ కంపెనీ షేరు 500 రూపాయలు దాటి పలికింది. 2023లో 5 రూపాయలు కూడా పలకలేదు. కంపెనీ మునిగితే ముందు పనివాళ్ళకు, అప్పులిచ్చిన బ్యాంకులకు ఇవ్వాలి. అందరికీ ఇచ్చాక ఏమైనా మిగిలితేనే షేరుదారులకు. సాధారణంగా ఏమీ మిగలదు.

కొట్టు నిండా జనం ఉంటే సరిపోదు. అప్పు ఎంతో కూడా చూడాలి.

8. సంఘం మీటింగు

సీతమ్మ ఊళ్ళో ఒక పొదుపు సంఘం ఉంది. పది మంది సభ్యులు. సంఘం దగ్గర 60,000 రూపాయలు జమ అయింది. ఒకరోజు బండి మీద ఒకతను వచ్చాడు. డీమార్ట్ షేర్లు కొనిపెడతానన్నాడు. ఆరు నెలల్లో 60,000 లక్షా ఇరవై వేలు అవుతుందన్నాడు. "ఇవాళే ఇవ్వాలమ్మా, రేపు ధర పెరిగిపోతుంది" అని తొందర పెట్టాడు.

కొంతమందికి ఆశ పుట్టింది. రాములమ్మ అన్నది, "ఇచ్చేద్దాం వదినా! నా కూతురి పెళ్ళి ఖర్చు వచ్చేస్తది."

మంగమ్మ సంఘం లీడరు. రాత్రి బడిలో చదువు నేర్చుకున్నది. ఆమె అతన్ని అడిగింది, "బాబూ, షేర్లు ఎవరి పేరున ఉంటాయి?"

"నా పేరున కొంటానమ్మా. మీకెందుకు ఆ గొడవంతా?"

"రసీదు ఇస్తావా?"

"నమ్మకమమ్మా, నమ్మకం. డబ్బు ఫోనులో నా నంబరుకు పంపండి చాలు."

"ఆరు నెలల్లో రెట్టింపు కాకపోతే?"

"ఎందుకు కాదమ్మా, అయి తీరుతుంది!"

మంగమ్మ రాములమ్మ వైపు తిరిగింది. "చూడు వదినా. సీతమ్మ కొట్టులో నూటికి మిగిలేది అయిదు రూపాయలు. ఆ పెద్ద కొట్టులో మిగిలేదీ అయిదే. మరి ఆరు నెలల్లో మన డబ్బు రెట్టింపు చేసే డబ్బు ఎక్కడినుంచి వస్తది?"

రాములమ్మ ఆలోచనలో పడింది. "నిజమే వదినా. పైగా ఇందులో నా డబ్బు ఆరు వేలే. మిగతా తొమ్మిది మంది డబ్బు పోతే నేనేం మొహం పెట్టుకుని తిరగను?"

"కంపెనీ దొంగది కాదు. ఈయన మాటే సరిగా లేదు" అన్నది మంగమ్మ. అతన్ని పంపేశారు.

ఆ నెల మీటింగులో సంఘం రెండు తీర్మానాలు రాసుకున్నది. సంఘం డబ్బుతో షేర్లు కొనకూడదు అనేది మొదటిది. సీతమ్మకు 20,000 అప్పు ఇవ్వాలి అనేది రెండోది. సీతమ్మ ఆ డబ్బుతో టోకు కొట్టులో అరువు మానేసి నగదు ఇచ్చింది. టోకు వ్యాపారి ధర కొంచెం తగ్గించాడు. పెద్ద కొట్టు చేసే పనే చిన్న కొట్టూ చేసింది. వడ్డీ సంఘానికి వచ్చింది.

9. కొనాలనుకుంటే ఏం చూడాలి?

షేర్లు కొనడం తప్పు కాదు. తెలియకుండా కొనడమే తప్పు. తిండికి, విత్తనాలకు, బడి ఫీజుకు, వైద్యానికి కావలసిన డబ్బు షేర్లలో పెట్టకూడదు. అప్పు చేసి అసలే పెట్టకూడదు. అయిదారేళ్ళు తాకకుండా ఉండగలిగిన సొంత డబ్బు ఉంటేనే ఆ ఆలోచన చెయ్యాలి.

కంపెనీ ఏటా తన లెక్కలు అచ్చు వేసి బయటపెట్టాలి. అది చట్టం. చదువుకున్న బిడ్డలతో చదివించుకుని ఈ అయిదు ప్రశ్నలు అడగాలి.

1. పాత కొట్లలో అమ్మకం పెరుగుతున్నదా? కొత్త కొట్లు పెడితే మొత్తం అమ్మకం ఎలాగూ పెరుగుతుంది. పాత కొట్టులో పెరిగితేనే అసలు పెరుగుదల. డీమార్ట్‌లో రెండేళ్ళు దాటిన కొట్లలో 2023-24లో 100కు ఇంచుమించు 10 పెరిగింది. 2024-25లో ఇంచుమించు 8 పెరిగింది.

2. 100 రూపాయల అమ్మకానికి మిగిలేదెంత? ఏడాదికేడాది పెరుగుతున్నదా, తగ్గుతున్నదా?

3. అప్పు ఎంత? భవనాలు సొంతమా, అద్దెవా?

4. పోటీ ఎవరు? ఇప్పుడు పట్నాల్లో ఫోనులో చెబితే పది, పదిహేను నిమిషాల్లో సరుకు ఇంటికి తెచ్చిస్తున్నారు. దీనివల్ల పెద్ద నగరాల్లోని తన కొట్లకు దెబ్బ తగిలిందని 2024 అక్టోబరులో డీమార్ట్ కంపెనీయే చెప్పింది. ఆ వెంటనే షేరు ధర పడింది.

5. షేరు ధర ఎన్నేళ్ళ లాభానికి సమానం? గేదె బేరం గుర్తు తెచ్చుకోండి.

షేర్లు మన పేరునే ఉండాలి. అందుకు డీమాట్ ఖాతా తెరవాలి. బ్యాంకులో డబ్బు ఉన్నట్టు ఆ ఖాతాలో షేర్లు ఉంటాయి. షేర్ల బజారును అదుపులో పెట్టే ప్రభుత్వ సంస్థ పేరు సెబీ. 1992లో చట్టం చేసి దానికి అధికారాలు ఇచ్చారు. షేర్లు కొనిపెట్టే మనిషికి సెబీ నమోదు ఉండాలి. "ఇంత లాభం ఖాయం" అని ఎవరైనా అంటే నమ్మకండి. మోసం జరిగితే సెబీకి ఫిర్యాదు చెయ్యవచ్చు. డబ్బు పడని ఫోను నంబరు 1800 22 7575.

కొత్త మాటలు

షేరు: కంపెనీలో వాటా.
డివిడెండ్: లాభంలో షేరుదారులకు పంచే భాగం.
అరుగుదల: వాడకం వల్ల వస్తువు విలువ తగ్గడం.
దివాలా: అప్పులు తీర్చలేని స్థితి.
డీమాట్ ఖాతా: మన షేర్లు మన పేరున ఉండే ఖాతా.

లెక్క చెయ్యండి

1. ఒక కొట్టులో నెలకు 80,000 అమ్మకం. సరుకు ఖరీదు 70,000. ఖర్చులు 6,000. లాభం ఎంత? 100 రూపాయలకు ఎంత?

2. ఒక కంపెనీకి 10 కోట్ల షేర్లు. ఏడాది లాభం 200 కోట్లు. ఒక్కో షేరుకు ఎంత? షేరు ధర 600 అయితే ఎన్నేళ్ళ లాభం ముందే కట్టినట్టు?

మాట్లాడుకోండి

1. మంగమ్మ అడిగిన మూడు ప్రశ్నలు ఏమిటి? మీరైతే ఇంకేం అడుగుతారు?
2. పట్నంలో పెద్ద కొట్టు వస్తే మీ ఊరి చిన్న కొట్టుకు ఏమవుతుంది? చిన్న కొట్టు అరువు ఇస్తుంది. పెద్ద కొట్టు ఇస్తుందా?
3. మీ సంఘం డబ్బు ఎక్కడ ఉంది? ఎవరి పేరున ఉంది? పాసుపుస్తకం తెచ్చి అందరూ చదవండి.